ఉల్లిపొర మీది నలుపు

గుణుపూరు సంతలో కొన్న ఉల్లిపాయల్లో
ఒకదాని పొర కింద మసి.
అమ్మ అయితే గోటితో గీకి పారేసేది.
నేను సూదిమొనతో తీసి
పెట్రీ పళ్ళెంలో నాటాను.
నాలుగు రోజులకి
కాటుక భరిణె బోర్లించినట్టు.

"ఏటే గుంటా, బూజుని సాకుతన్నావా?
జీతమిచ్చి మరీ సాకమన్నారా?"
అంటుంది తవిటమ్మ, మా అమ్మ.
అవును, ఇస్తారు. నెలకి తొమ్మిది వేలు.
మూడు నెలల బాకీ ఉంది.

సముద్రపు నాచు పొడిని
వేడినీళ్ళలో గంటసేపు కలిపితే జిగురు.
చల్లారాక అందులో ఆ నలుపు.
సిరంజిలోంచి కాల్షియం నీళ్ళలోకి
చుక్క. చుక్క. చుక్క.
జారేటప్పుడు నీరు,
మునిగేసరికి పూస.
లిమ్మా గొమాంగో సీసా ఎత్తి చూసి
సగ్గుబియ్యం పాయసం అన్నాడు ఒడియాలో.
తర్వాత తన సవర మాటలో ఇంకేదో అన్నాడు,
అర్థమడిగితే నవ్వి ఊరుకున్నాడు.

పూసకి తిండి
బస్టాండులో జ్యూసు బండి దగ్గర ఏరిన బత్తాయి తొక్కలు,
ఎండబెట్టి దంచినవి.
తొక్కలో ఒక జిగురుంటుంది,
కణానికీ కణానికీ మధ్య మేస్త్రీ పూసిన సున్నంలా.
దాన్ని కోసే కత్తిని
బూజు లోపల కూర్చునే నూరి
పూస సందుల్లోంచి బయటికి పంపుతుంది.
తను రాదు.
కత్తి వస్తుంది.

ఊరికే వదిలిన సీసాలో
అదే బూజు మేకతోలులా పైకి తేలి
ఒక్కసారి పనిచేసి పారబోతకి పోయింది.
పూసలోది ఆరోసారీ పనిచేసింది.
"బందీ అయితేనే..." అని నేను మొదలెట్టగానే
పాణిగ్రాహి మేడం తలెత్తకుండా అంది:
"ఉపమానాలొద్దు. రీడింగు రాయి."

రాశాను.
మరిగే నీళ్ళలో పెట్టిన పరీక్షనాళిక
పసుపు నించి ఇటుకరంగుకి తిరిగింది.
ఎంత ఎరుపో అంత కత్తి.
ఆ రోజు టీ మేడమే చెప్పింది.

ఏడోసారికి నేనే చెడగొట్టాను.
ఉప్పునీళ్ళతో కడగాల్సినవి
పక్క సీసాలోని ఫాస్ఫేటుతో కడిగాను.
లేబులు సగం చిరిగి ఉంది. అది సాకు.
నా చేతిలోనే పూసలు మెత్తబడి
ఒకదాన్నొకటి పట్టుకుని
కాసేపటికి పూసల్లేవు, మురికి గంజి.
కాల్షియాన్ని ఫాస్ఫేటు లాగేసుకుంటుందట.
ఇల్లు కూలడానికి గొడ్డలక్కర్లేదు,
లోపలి మేకు ఎవరికో నచ్చితే చాలు.
(ఇదీ ఉపమానమే. రీడింగు: సున్నా.)

ఇంట్లో చెప్పలేదు.
నౌపడా రైలు కూత వేసి పోయింది.
అమ్మ కాళ్ళకి ఆముదం రాసుకుంటోంది.
ఇరవై రెండేళ్ళు వంశధార పాయలో
మొలలోతు కుళ్ళునీళ్ళలో నిలబడి
గోగుకట్టల నార ఒలిచిన కాళ్ళు.
పద్దెనిమిది రోజులు ఊరాలి కట్ట.
ఆ వాసనకి బడిలో నా పక్కన
ఎవరూ కూర్చునేవారు కాదు.
ఊరబెట్టేది నీళ్ళనుకున్నాం అప్పట్లో.
నీళ్ళు కాదు.
కంటికానని కత్తులే,
ఇవి కాకపోతే వీటి చుట్టాలు.

మర్నాడు మళ్ళీ జిగురు కలిపాను.
మేడం తిట్టలేదు, కొత్త లేబులు రాసింది,
మూడు భాషల్లో.
ఆరోసారి వడకట్టిన నీళ్ళు కొంచెం మిగిలితే
అడిగి, సీసాలో పోసి ఇంటికి తెచ్చి
బకెట్లో మూడు గోగుకట్టెలు ముంచాను.

మూడోనాటి పొద్దున్న
అమ్మ పీట మీద కూర్చుని
చిటికెనవేలితో బెరడు అంచు లాగింది.
జర్రున వచ్చేసింది నార.
ముక్కు దగ్గర పెట్టుకుంది.
మళ్ళీ పెట్టుకుంది.
"కుళ్ళలేదేటి?" అంది,
ఎవరో తనని మోసం చేసినట్టు.

"ఇన్నేళ్ళూ ఇదెక్కడుందే?"
"నీ ఉల్లిపాయ మీద."

ఆ రాత్రి కూరకి తరుగుతూ
పొర మీది నలుపు గోటితో గీకింది.
పారేయబోయి, ఆగి,
దీపం వైపు వేలు తిప్పి చూసుకుని,
పారేసింది.